పడినా ఆగని వాచీ

1956లో జపాన్‌లో జనం చూస్తుండగా ఒక హెలికాప్టర్ నుంచి చేతి గడియారాలను నేల మీదికి జారవిడిచారు. సిటిజెన్ కంపెనీ పెట్టిన ప్రదర్శన అది. పడ్డ వాచీలు ఆగకుండా నడిచాయి. వాటి లోపల పారాషాక్ అనే కొత్త ఏర్పాటు ఉంది. ఐదేళ్లు తిరిగేసరికి ఆ జపాన్ పరిజ్ఞానం బెంగళూరు చేరింది. పారాషాక్ అన్న మాట ఇక్కడి వాచీల డయల్ మీదికి ఎక్కింది. రైతులు, లారీ డ్రైవర్లు, గుమస్తాలు, బడిపంతుళ్లు దశాబ్దాల తరబడి ముంజేతికి కట్టుకు తిరిగిన హెచ్‌ఎంటీ వాచీల మొండితనానికి మూలం అక్కడుంది.

కింద పడితే వాచీ ఎందుకు ఆగిపోతుందో తెలిస్తే ఆ ఏర్పాటు విలువ తెలుస్తుంది. కీ ఇచ్చే వాచీలో కాలాన్ని కొలిచేది బ్యాలెన్స్ వీల్. హెచ్‌ఎంటీ వారి జనతా లాంటి వాచీలో అది సెకనుకు ఐదు ఊపుల చొప్పున గంటకు 18,000 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ చక్రాన్ని మోసే ఇరుసు కొసలు మిల్లీమీటరులో పదో వంతుకు మించవు. రాపిడి తక్కువగా ఉండాలంటే అంత సన్నగా ఉండక తప్పదు. ఆ కొసలు రూబీ రాళ్లకు పెట్టిన బెజ్జాల్లో తిరుగుతాయి. 17 జ్యుయెల్స్ అని డయల్ మీద రాసేది ఈ రాళ్ల లెక్కే. వాచీ పైకి ఎంత దిట్టంగా కనిపించినా, చేతిలోంచి జారి గచ్చు మీద పడితే చక్రం విసురంతా ఆ కొసల మీదే పడుతుంది. కొస వంగుతుంది, లేదా విరుగుతుంది. పాత వాచీలకు ఇది అతి మామూలు జబ్బు.

దీనికి మందు కనిపెట్టినవారు ఇరుసును లావు చేయలేదు. రాయిని కదలనిచ్చారు. బెజ్జం ఉన్న రాయిని బిగించేయకుండా ఒక సన్నని స్ప్రింగు కింద కూర్చోబెట్టారు. దెబ్బ తగిలినప్పుడు రాయి పక్కకో పైకో జరుగుతుంది. ఆలోగా ఇరుసులో లావుగా ఉన్న భాగం ఫ్రేముకు ఆని ఆ విసురును తీసుకుంటుంది. ఆ వెంటనే స్ప్రింగు రాయిని మళ్లీ చోటికి తెస్తుంది. స్విట్జర్లాండ్‌లో 1930లలో వచ్చిన ఇన్‌కాబ్లాక్ ఈ పద్ధతిలో బాగా పేరుపడింది. సిటిజెన్ వారి పారాషాక్, సైకో వారి డయాషాక్ అదే దారిలో జపాన్ చేసుకున్న సొంత రూపాలు. ఏ గొప్ప లోహమూ చేయలేని పనిని ఈ చిన్న తీగె చేసింది. మోటు వాడకానికి వాచీ పనికొస్తుందా రాదా అన్నది తేలేది ముందు ఇక్కడే.

గట్టి వాచీ చవకగా దొరకాలన్న ఆలోచన మాత్రం ఇంకా పాతది. స్విట్జర్లాండ్‌లోని లా షో-ద-ఫోన్ పట్టణంలో పనిచేసిన జార్జ్ ఫ్రెడరిక్ రాస్కాఫ్ 1867లో ఇరవై ఫ్రాంకులకు జేబు గడియారం అమ్ముడుపోయేలా చేశాడు. దానికి శ్రామికుడి గడియారమనే పేరు పెట్టుకున్నాడు. భాగాలు తగ్గించాడు, రాళ్లకు బదులు ఉక్కు పిన్నులు వాడాడు, పై నగిషీలు వదిలేశాడు. సాటి స్విస్ పనివాళ్లు మొహం చిట్లించినా, అదే ఏడు పారిస్ ప్రదర్శనలో దానికి కంచు పతకం వచ్చింది. పేదవాడి వాచీకి కావలసింది ఏమిటో, అక్కర్లేనిది ఏమిటో తేల్చి చూపిన తొలి మనిషి ఆయనే అనవచ్చు.

మన దేశంలో ఆ రోజుల్లో గడియారమంటే విదేశీ సరుకే. ఫావ్ర్-లూబా కంపెనీ 1865 నుంచి బొంబాయిలో దుకాణం నడిపింది. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ 1886 నుంచి బొంబాయి, కలకత్తాల నుంచి అమ్మింది. వెస్ట్ ఎండ్ వాచీల్లో పేరుపడ్డది సొవార్. సవారు అంటే గుర్రపు రౌతు. బ్రిటిషు ఇండియా సైన్యంలోని సిపాయిలు మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియా దాకా ఈ కంపెనీ వాచీలు కట్టుకు వెళ్లారు. ఇన్‌కాబ్లాక్‌ను మొట్టమొదట వాడింది తామేనని, 1934లో సొవార్ ప్రైమాలో అమర్చామని వెస్ట్ ఎండ్ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. అంటే దెబ్బకు ఓర్చే వాచీ అన్న మాట మన ఉపఖండానికి సిపాయి మణికట్టు మీదుగా వచ్చింది. ఊళ్లో రైతుకు, కూలీకి మాత్రం అది అందని వస్తువే. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకద్రవ్యం కరువై దిగుమతులు బిగిశాయి. విదేశీ వాచీలు దొంగదారిన ఓడల్లో వచ్చి చాటుమాటుగా అమ్ముడయ్యేవి. కొన్నవాడికి బిల్లూ లేదు, పాడైతే అడిగే దిక్కూ లేదు.

ఆ పరిస్థితిలో వాచీలు చేసే పని ఒక యంత్రాల కంపెనీ తలకెత్తుకుంది. హిందుస్థాన్ మెషిన్ టూల్స్, అంటే హెచ్‌ఎంటీ, 1953లో బెంగళూరులో మొదలైంది. స్విస్ కంపెనీ ఎర్లికాన్ సాయంతో లేత్ మిషన్లు చేయడం దాని పని. ఇనుమును మైక్రాన్ల లెక్కన కోయడం వచ్చిన చేతులకు వాచీ చక్రాలు కోయడం అసాధ్యం కాదన్న నమ్మకం వారిది. సిటిజెన్‌తో ఒప్పందం కుదిరింది. ఇక్కడి ఇంజనీర్లు, కార్మికులు జపాన్ వెళ్లి పని నేర్చుకుని వచ్చారు. 1961లో బెంగళూరు కర్మాగారం నుంచి వచ్చిన తొలి వాచీలను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. మగవారి వాచీకి సిటిజెన్, ఆడవారి వాచీకి సుజాత అని పేర్లు.

ఆ తొలినాళ్ల సంతానమే జనతా. తెల్లటి డయల్, పొడుగాటి అంకెలు, సన్నని ముళ్లు, తేదీ చూపే కిటికీ కూడా లేదు. రోజూ పొద్దున కీ ఇవ్వాలి. పూర్తిగా కీ ఇస్తే ఒకటిన్నర రోజు నడుస్తుంది. చూడటానికి బక్కగా ఉండే ఈ వాచీ అంత కాలం ఎలా నిలిచిందన్న ప్రశ్నకు జవాబు దాని లోపలి యంత్రంలో ఉంది. సిటిజెన్ నమూనా మీద హెచ్‌ఎంటీ చేసిన ఆ యంత్రం సాదాసీదాది. రిపేరుకు కూర్చున్నవాడు దాన్ని విప్పడం, కడగడం, బిగించడం త్వరగా నేర్చుకుంటాడు. అదే యంత్రం, చిన్నచిన్న మార్పులతో, నల్ల డయల్ మీద చీకట్లో మెరిసే అంకెలున్న పైలట్‌లోనూ, సిపాయిల కోసం చేసిన జవాన్‌లోనూ ఉంది. ఒక వాచీ చక్రం ఇంకో వాచీకి పనికొస్తుంది. కొన్నవాడికి ఆ సంగతి తెలియకపోయినా, రిపేరువాడికి అది వరం.

జనతాకు బలహీనతలు లేకపోలేదు. ఆ వాచీని ప్రేమించేవాళ్లు కూడా ఒప్పుకోవలసినవి అవి. కేసు ఇత్తడిది, పైన క్రోమియం పూత. ఎండలో చెమట పట్టే చేతికి కడితే కొన్నేళ్లకు పూత లేచి ఇత్తడి బయటపడుతుంది. వెనుక మూత నొక్కి బిగించేది, మరలు లేవు. అందువల్ల వానకు, నాట్లలో నీళ్లకు అది తట్టుకోదు. గాజు కింద ఆవిరి పట్టిందంటే ఆ రోజే మూత తీసి ఆరబెట్టుకోవాలి, లేకుంటే స్ప్రింగుకు తుప్పు. గాజు మాత్రం నిజానికి గాజు కాదు, అక్రిలిక్ ప్లాస్టిక్. గీతలు పడతాయి కానీ తేలిగ్గా పగలదు. కాస్త టూత్‌పేస్టు వేసి గుడ్డతో రుద్దితే గీతలు పోతాయి. తేలిగ్గా గీతలు పడని ఖనిజ గాజు ఖరీదైన వాచీలకు శోభే కానీ, ఇటుకలు మోసే చేతికి అక్రిలిక్కే మంచిది. ముక్కలైన గాజు పొడి యంత్రంలోకి దిగితే వాచీ మొత్తం విప్పక తప్పదు.

అందువల్ల జనతా గట్టిదనం అంతా కర్మాగారంలోనే పుట్టిందనుకుంటే సగమే నిజం. మిగతా సగం బస్టాండు పక్కన, సినిమా హాలు ఎదుట, కూరగాయల మార్కెట్ మొగదల ఉండే అద్దాల పెట్టె వెనుక కూర్చున్న మనిషిది. కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు, ముందు తెల్ల కాగితం, పక్కన మూత పెట్టిన చిన్న గాజు గిన్నెలో పెట్రోలు. వాచీ ఆగితే ముందు ఆయన చెవి దగ్గర పెట్టుకుని కాస్త కదిలిస్తాడు. చక్రం ఊగే శబ్దాన్ని బట్టి నూనె ఎండిందో, కొస విరిగిందో, హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయో పోల్చుకుంటాడు. భాగాలన్నీ విప్పి పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, రాళ్ల దగ్గర సూదిమొనతో చుక్క నూనె పెట్టి మళ్లీ బిగిస్తాడు. దీన్నే సర్వీసింగ్ అంటారు. రెండు మూడేళ్లకొకసారి ఆ పని జరిగిన వాచీ తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వెళ్లింది. జరగని వాచీలో ఎండిన నూనె దుమ్ముతో కలిసి ముద్దలా మారి చక్రాల ఇరుసులను అరగదీసింది.

పల్లెల్లో ఈ పని చేసేవారు చాలామంది ఏ శిక్షణ సంస్థలోనూ చదివినవారు కాదు. తండ్రి దగ్గరో, మేనమామ దగ్గరో పక్కన కూర్చుని నేర్చుకున్నవారే. వాచీతో పాటు టార్చిలైటు, గోడగడియారం, గ్యాస్ లైటర్ కూడా బాగుచేసేవారు. స్పేరు పార్టు దొరక్కపోతే పాత వాచీ ఒకటి విప్పి వాడేవారు. ఒక కంపెనీ యంత్రం ఊరూరా ఒకటే కావడం వల్ల కలిగిన మేలు ఇది. శ్రీకాకుళంలో ఆగిన వాచీకి ఆదిలాబాదులో కూడా మందు దొరికేది.

వాచీ చుట్టూ ఆ కాలంలో ఒక మర్యాద పెరిగింది. పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైతే వాచీ కొనిస్తానన్నది తండ్రుల మాట. పెళ్లికొడుకు అడిగే వస్తువుల్లో సైకిలు, ట్రాన్సిస్టరు రేడియో పక్కన వాచీ తప్పనిసరి. ఆ జాబితా ఎందరు ఆడపిల్లల తండ్రులను అప్పుల పాలు చేసిందో కూడా ఈ చరిత్రలో భాగమే. రిటైరైన ఉద్యోగికి సన్మానసభలో చేతికి కట్టేదీ వాచీయే. గిరాకీకి తగినన్ని వాచీలు దొరకక, కొనాలనుకున్నవారు ఎదురుచూడవలసి వచ్చేది. అందుకే హెచ్‌ఎంటీ బెంగళూరులో రెండో యూనిట్, శ్రీనగర్‌లో, తుమకూరులో, ఉత్తరాఖండ్ కొండల కింది రాణీబాగ్‌లో కర్మాగారాలు పెట్టుకుంటూ పోయింది. చూపులేనివారి కోసం మూత తెరిచి చుక్కలను వేలితో తడిమి చూసుకునే బ్రెయిలీ వాచీని కూడా చేసింది. లాభం లెక్క మాత్రమే చూసుకునే కంపెనీ అంత తేలిగ్గా తలకెత్తుకోని పని అది.

హెచ్‌ఎంటీ పేరు వాచీని దాటి ఎక్కడిదాకా వెళ్లిందో తెలుసుకోవాలంటే బియ్యం కొట్టుకు వెళ్లాలి. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా నాందేడ్ అనే పల్లెలో దాదాజీ రామాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1980లలో తన పొలంలో వేరుగా కనిపించిన వరి కంకులను ఏరి, ఏళ్ల తరబడి నాటి, సన్నటి గింజ రకాన్ని నిలబెట్టాడు. ఆ ధాన్యాన్ని అమ్మబోతే రకానికి పేరు లేదు. అప్పట్లో జనం నోట నానుతున్న వాచీ పేరే వ్యాపారులు దానికి పెట్టారు. తెలంగాణ ఇళ్లలో ఇప్పటికీ వండుకుంటున్న హెచ్‌ఎంటీ బియ్యం అదే. ఖోబ్రగడేకు 2005లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పురస్కారం వచ్చింది. ఆయన 2018లో కన్నుమూశాడు. నాణ్యతకు గుర్తుగా ఒక ప్రభుత్వరంగ సంస్థ పేరును బజారే ఏరికోరి వాడుకోవడం అరుదైన సంగతి.

హైదరాబాదుకూ ఈ కథలో సొంత పాత్ర ఉంది. నిజాం కాలంలో, 1942లో మొదలైన ఆల్విన్ బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు, ఇనుప బీరువాలు చేసేది. 1980లలో సైకో సాంకేతిక సాయంతో ఆల్విన్ వాచీలు వచ్చాయి. సిటిజెన్ పరిజ్ఞానంతో బెంగళూరు, సైకో పరిజ్ఞానంతో హైదరాబాదు: జపాన్‌లో పోటీపడ్డ రెండు ఇళ్ల చదువు మన రెండు ఊళ్లకు వచ్చింది. ఆల్విన్ వాచీ కట్టుకున్నవారిలో అది మన ఊరి వాచీ అన్న మమకారం ఉండేది. కానీ ఆ కంపెనీ చాలా పనులు ఒకేసారి నెత్తిన పెట్టుకుంది. ట్రక్కులు కూడా చేసింది. 1990లకు వచ్చేసరికి నష్టాల్లో పడి ముక్కలైంది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. వాచీల విభాగం నిలబడలేదు. కూకట్‌పల్లి ప్రాంతంలో ఆల్విన్ కాలనీ ఉంది, హెచ్‌ఎంటీ పేరు మీద కాలనీలు ఉన్నాయి. ఆ పేర్ల వెనుక కర్మాగారాలు, జీతాలు, కుటుంబాలు ఉన్నాయని నేటి తరానికి చెప్పవలసి వస్తోంది.

అదే కాలంలో మరో దారిన వాచీలు వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లినవారు సెలవులకు వస్తూ తెచ్చిన సైకో 5, సిటిజెన్, రికో ఆటోమేటిక్ వాచీలు. 1963లో వచ్చిన సైకో 5 పేరులోని ఐదు అంటే ఆ వాచీకి కంపెనీ పెట్టుకున్న ఐదు గుణాలు: చేయి కదిలితే దానంతటదే కీ ఎక్కడం, వారం, తేదీ ఒకే కిటికీలో కనిపించడం, నీటికి ఓర్చడం, కీ బయటికి పొడుచుకురాకుండా లోపలికి ఒదిగి ఉండటం, కేసూ చైనూ గట్టిగా ఉండటం. ఇది నిజంగా మోటు వాడకం కోసం ఆలోచించి చేసిన వాచీ. ఇసుక గాలుల్లో, కాంక్రీటు పనుల్లో తిరిగిన చేతుల మీద అది నిలబడింది. పాత గల్ఫ్ కార్మికుల ఇళ్లలో కేసు అంచులు అరిగి గుండ్రమైన సైకో 5 ఇంకా కనిపిస్తుంది.

ఇంతలో వాచీ లోపలి ప్రపంచమే మారిపోయింది. 1969 డిసెంబరు 25న సైకో తొలి క్వార్ట్జ్ చేతిగడియారం ఆస్ట్రాన్‌ను టోక్యోలో అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్‌లు, ఒక కారు ఖరీదు. బ్యాటరీ విద్యుత్తుతో కంపించే క్వార్ట్జ్ స్ఫటికం దాని మూలం. తరువాతి కాలంలో సెకనుకు 32,768 కంపనాలు అందరికీ ప్రమాణమయ్యాయి. పదేళ్లలో ధరలు నేలకు దిగాయి. కీ వాచీ రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయినా మంచిదే అనుకునే చోట, చవక క్వార్ట్జ్ వాచీ నెలకు పది ఇరవై సెకన్ల తేడాతో నడిచింది.

హెచ్‌ఎంటీ క్వార్ట్జ్ వాచీలు చేయకపోలేదు. కానీ అంత పెద్ద కర్మాగారాలు, అన్ని వేల మంది నైపుణ్యం కీ వాచీల చుట్టూ అల్లుకుని ఉన్నాయి. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటన్‌కు ఆ బరువు లేదు. హోసూరులో 1987లో ఉత్పత్తి మొదలైంది. జెర్క్సెస్ దేశాయ్ నాయకత్వంలో మొదటి రోజు నుంచే క్వార్ట్జ్, మొదటి రోజు నుంచే మెరిసే షోరూములు. తరువాత చవక వాచీల కోసం సొనాటా అనే పేరు తెచ్చారు. జనతా కొనేవాడి కొడుకు సొనాటా కొన్నాడు. హెచ్‌ఎంటీ ఓడిపోయింది వాచీ నాసిరకమై కాదని గట్టిగా చెప్పాలి. కొనేవాడు కోరేది మారినప్పుడు ప్రభుత్వ సంస్థ నిర్ణయాలు అంత వేగంగా మారలేదు.

టోక్యోలో మరో మనిషి అప్పటికే వేరే ప్రశ్నతో కుస్తీ పడుతున్నాడు. కాసియోలో ఇంజనీరు కికువో ఇబే. తండ్రి బహుమతిగా ఇచ్చిన వాచీ ఆఫీసులో చేతి నుంచి పడి ముక్కలైంది. 1981లో పడినా పగలని వాచీ కావాలని ప్రతిపాదన రాశాడు. పది మీటర్ల నుంచి పడినా, పది బార్ల నీటి ఒత్తిడిలోనూ, పదేళ్ల బ్యాటరీతో నడవాలని లక్ష్యం పెట్టుకున్నాడు. పరిశోధన కేంద్రం మూడో అంతస్తు మరుగుదొడ్డి కిటికీ నుంచి నమూనాలు కిందికి విసిరేవాడు. సుమారు రెండు వందల నమూనాలు పోయాయి. పైన ఎంత రబ్బరు చుట్టినా లోపల ఏదో ఒక భాగం విరిగేది. పార్కులో ఒక పిల్ల బంతి ఎగరేసి ఆడుతుంటే చూసినప్పుడు దారి దొరికింది. బంతి మధ్యలో యంత్రం తేలుతున్నట్టుంటే దెబ్బ దానికి చేరదు. యంత్రాన్ని కేసులో కొన్ని చోట్ల మాత్రమే ఆనేలా వేలాడదీశాడు. 1983 ఏప్రిల్‌లో తొలి జీ-షాక్ వచ్చింది. 2017 నాటికి పది కోట్ల జీ-షాక్‌లు అమ్ముడయ్యాయి.

పారాషాక్‌లో ఒక రాయి కదిలింది. జీ-షాక్‌లో యంత్రం మొత్తం కదిలింది. ఇబే గెలుపులో ఒక మార్పు కూడా దాగి ఉంది. దెబ్బ తగలకుండా చూసుకున్న వాచీని విప్పవలసిన పని లేదు. ఆ మార్పు జీ-షాక్ కన్నా ఆ కంపెనీ చవక వాచీలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1989లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూ బరువు 21 గ్రాములు. బ్యాటరీ ఏడేళ్లు వస్తుంది. కదిలే చక్రమే లేదు కనుక విరగడానికి ఇరుసూ లేదు. అంత తేలికైన వస్తువు పడినప్పుడు తగిలే దెబ్బ కూడా చిన్నదే. డిగ్రీ విద్యార్థి నుంచి ఇటుకబట్టీ కూలీ దాకా అందరి చేతికీ అది వచ్చింది. పట్టీ తెగితే కొత్త పట్టీ వేసుకోవచ్చు. లోపలి బోర్డు పోతే మాత్రం వాచీనే మార్చాలి. బస్టాండు పక్కన కూర్చున్న పెద్దాయనకు అందులో బ్యాటరీ మార్చడం తప్ప మిగిలిన పని లేదు. ఆ అద్దాల పెట్టెల్లో చాలా వాటి స్థానంలో మొబైల్ కవర్లు, ఛార్జర్లు వేలాడుతున్నాయి. ఒక వాచీ గట్టిపడిన ప్రతిసారీ ఒక పనివాడి జీవనోపాధి సన్నగిల్లింది. ఈ సంగతి కూడా ధరతో పాటు లెక్కలోకి రావాలి.

గట్టిదనాన్ని లెక్కగట్టే కొలమానాలు ఈ క్రమంలోనే స్థిరపడ్డాయి. ఐఎస్‌ఓ 1413 ప్రమాణం ప్రకారం వాచీ ఒక మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడినంత దెబ్బకు తట్టుకోవాలి. ప్రయోగశాలలో మూడు కిలోల బరువున్న గట్టి ప్లాస్టిక్ సుత్తిని లోలకంలా ఊపి కొడతారు. ఒకసారి పక్క నుంచి, ఒకసారి గాజు మీద. ఆ తర్వాత రోజుకు 60 సెకన్లకు మించి తేడా రాకూడదు. హెలికాప్టర్ ప్రదర్శనతో పోలిస్తే ఇది చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మనిషి రోజువారీ బతుకులో వాచీకి తగిలే దెబ్బ ఇదే: స్నానాల గది గచ్చు, మంచం కోడు, బండి హ్యాండిల్. నీటి విషయంలో డయల్ మీది అంకెలు ఎక్కువమందిని పొరబడేలా చేస్తాయి. 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకు దిగవచ్చని కాదు. చేతులు కడుక్కుంటే చిందే నీటికి, చిరుజల్లుకు సరిపోతుందని అర్థం. చెరువులో ఈదేవాడికి, నాట్లలో నిలబడేవాడికి 100 మీటర్లున్నది కావాలి.

హెచ్‌ఎంటీ వాచీల విభాగం ఏళ్లపాటు నష్టాలు మోసింది. కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్, శ్రీనగర్‌లోని చినార్ వాచెస్ కంపెనీలను మూసివేయడానికి ఆమోదం తెలిపింది. హైదరాబాదులో పనిచేసిన హెచ్‌ఎంటీ బేరింగ్స్‌కూ అదే తీర్పు, అదే రోజు. తుమకూరు కర్మాగారం భూమి ఇస్రోకు వెళ్లింది. మూతపడుతుందన్న వార్త రాగానే, అంతకుముందు షోరూములవైపు తొంగిచూడనివారు కూడా మిగిలిన జనతా, పైలట్, సోనా వాచీల కోసం ఎగబడ్డారు. ఆ పేరుతో బెంగళూరు నుంచి కొద్ది సంఖ్యలో వాచీలు ఇంకా వస్తున్నాయి. అక్కడి హెచ్‌ఎంటీ మ్యూజియంలో పాత యంత్రాలు, మోడళ్లు చూడవచ్చు.

ఆ గిరాకీ ఇంకో వ్యాపారానికి తలుపు తీసింది. పాత యంత్రాలకు కొత్త డయల్ అచ్చువేసి, కొత్త కేసులో బిగించి, ఎన్నడూ హెచ్‌ఎంటీ చేయని రంగుల్లో జనతా, పైలట్‌లు బజారులో తిరుగుతున్నాయి. వీటిలో నడిచేవీ ఉన్నాయి కానీ, పాత వాచీ అనుకుని కొన్నవాడు మోసపోయినట్టే. డయల్ అచ్చు అంచులు అలుక్కుపోయి ఉన్నా, అంకెలు కేంద్రం నుంచి ఒకే దూరంలో లేకపోయినా, నలభై ఏళ్ల వాచీ డయల్ మీద ఒక్క మచ్చ కూడా లేకపోయినా అనుమానించాలి. వెనుక మూత తీయించి యంత్రం మీద హెచ్‌ఎంటీ ముద్ర ఉందో లేదో, స్క్రూల తలలు చెక్కుకుపోయాయో, బ్యాలెన్స్ వీల్ పైన షాక్ స్ప్రింగు చోటులో ఉందో చూడమని రిపేరువాణ్ణి అడగవచ్చు. ఆగిన వాచీకి కీ రెండు మూడు చుట్లు తిప్పగానే చక్రం ఊగడం మొదలుపెట్టాలి. పది చుట్లు తిప్పాకా బద్ధకిస్తే లోపల నూనె ఎండినట్టే. సర్వీసింగు ఖర్చు తగ్గించి బేరం ఆడుకోవాలి.